మూడో సెకను

దినం 1

ఈ దినచర్య నేను ఇష్టపడి రాస్తున్నది కాదు. పాత సైనికుల దోష పరిహార చట్టం సెక్షన్ ఇరవై రెండు ప్రకారం, పరిశీలకులు పని చేసిన ప్రతిరోజూ ఏం చేశారో రాయాలి. రాసింది కొట్టివేయకూడదు. తప్పు రాశామనిపిస్తే కింద మళ్లీ రాయాలి తప్ప పైది ముట్టుకోకూడదు. చట్టం చేసినవాళ్లకు మా ఆఫీసు సంగతి బాగానే తెలుసన్నమాట.

నా పేరు సుభాషిణి. యాభై రెండేళ్లు. సైనిక సహాయ కార్యాలయంలో ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసు. పొద్దున లేచి కిటికీ అద్దాల మీద ఉప్పు గోకాను. సముద్రం పక్కన ఐదో కట్ట మీద కాపురం ఉండేవాళ్లకు అది పళ్లు తోముకోవడం ఎంతో అంత. తర్వాత పడవ బస్సు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను.

మా పర్యవేక్షకుడు వేదాచలం గారు అందరినీ కూర్చోబెట్టి చట్టం చదివి వినిపించారు. సర్కారు పొరపాటు వల్ల పాత సైనికుడికి ఏది పోయిందో దాన్నే తిరిగి ఇవ్వాలట. కాలు పోతే కాలు, ఇల్లు పోతే ఇల్లు. దరఖాస్తులన్నీ అరవై దినాల్లో తేలాలి. సెక్షన్ పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కాస్త తగ్గింది. పొరపాటు చేసిన ఉద్యోగి బతికి ఉంటే ఆ సైనికుడి ఇంటికి వెళ్లి, తను చేసింది తన నోటితో చెప్పాలి.

"గుమ్మం సెక్షన్" అన్నారు వెనక నుంచి ఎవరో. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

దినం 4

ముప్పై ఎనిమిది దరఖాస్తులు చూశాను. ఇరవై తొమ్మిది తిరస్కరించాను.

తిరస్కరించడానికి సెక్షన్ తొమ్మిది ఉంది. పొరపాటు కుటుంబం ఇచ్చిన తప్పుడు సమాచారం వల్ల జరిగితే పరిహారం లేదు. వేదాచలం గారు ఈ సెక్షన్‌ను కంచంలో మొదటి ముద్దలా అందరికీ పంచిపెట్టారు. "ముందు తొమ్మిది చూడండమ్మా. తొమ్మిదిలో పడకపోతేనే పద్నాలుగు దాకా వెళ్లండి" అన్నారు. ఆయన మంచివారే. తన డబ్బాలో గోంగూర పచ్చడి నాకు పెట్టకుండా ఏ రోజూ తినలేదు.

దినం 9

ఫైలు 1147. బొడ్డేపల్లి తవిటినాయుడు, అరవై ఎనిమిదేళ్లు, ఉత్తరపు కొండల వాసి. కట్ట మీద జరిగిన పదేళ్ల యుద్ధంలో రెండు కళ్లూ పోయాయి. సర్కారు చూపుబిళ్ల ఇచ్చింది. చెవి వెనక అతికించే బిళ్ల అది. దాంతో మళ్లీ చూడగలిగాడు. పదకొండేళ్ల క్రితం అతను చనిపోయినట్టు మా రిజిస్టరులో ఎక్కింది. సైనికుడు పోతే బిళ్ల సర్కారు ఆస్తి కాబట్టి ఇక్కడి నుంచే ఆపేస్తారు. ఆపేశారు. మనిషి మాత్రం బతికే ఉన్నాడు.

పదకొండేళ్లలో పంతొమ్మిది అర్జీలు పెట్టుకున్నాడు. పంతొమ్మిదీ ఒకే మాటతో తిరిగి వెళ్లాయి: "దరఖాస్తుదారు లేరు."

మూలం: భార్య ఫోనులో చెప్పిన మాట. ఆ మాట విని ధ్రువపరిచిన ఉద్యోగి: శ్రోత 318. శ్రోతల నంబర్ల పట్టిక వరదలో పోయింది కాబట్టి 318 ఎవరో తెలియదు. సెక్షన్ తొమ్మిది కింద తిరస్కరణకు సిఫారసు చేశాను.

దినం 10

సిఫారసు చేసిన ఫైలుకు ఒకసారి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. నిబంధన. చేశాను. తవిటినాయుడు గారే ఎత్తారు.

"మీ ఆవిడతో మాట్లాడాలండీ. ఆ రోజు ఆవిడ ఏం చెప్పారో నిర్ధారించుకోవాలి."

"మా ఆడది ఫోనెత్తదమ్మా. ఏదైనా నాకే సెప్పండి."

"ఆ రోజు మీరు ఇంట్లో లేరా?"

"సేపల రేవుకాడికి ఎల్లినాను. మూడో రోజు సందలకాడ అదే రేవులో మెట్లు దిగుతా ఉంటే దీపం ఆర్పీసినట్టు సూపు ఆరిపోనాది. ఎవులో జాలరాయన బుజం అట్టుకుని ఇంటికొచ్చినాను. బిళ్ల పాడైపోనాదనుకున్నాను. నన్ను సంపీసినారని ఆఫీసుకొస్తే తెలిసినాది." ఆయనే మళ్లీ అడిగారు. "ఈపాలి వొత్తాదంటారేటమ్మా? కొత్త సట్టమంట గదా."

చూస్తున్నామండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక డబ్బా తెరవబుద్ధి కాలేదు. వేదాచలం గారి పచ్చడి అలాగే మిగిలిపోయింది.

దినం 11

ఆరోగ్యం బాగాలేక సెలవు.

దినం 12

సెలవు.

దినం 13

దినం 11, 12లలో నా ఆరోగ్యం బాగానే ఉంది.

దినం 9లో ఒక అబద్ధం రాశాను. కొట్టివేయడానికి వీల్లేదు కాబట్టి అక్కడే ఉంటుంది, ఇక మీదట చదివేవాళ్లందరికీ కనిపిస్తూ. శ్రోత 318 ఎవరో నాకు తెలుసు. నేనే.

శ్రోత అంటే ఏమిటో ఈ దినచర్య చదివే పరిహార సంఘం వారికి తెలియకపోవచ్చు. చెబుతాను. ఆ రోజుల్లో సహాయ యంత్రం ఏడాదికోసారి ప్రతి పాత సైనికుడి ఇంటికీ ఫోన్ చేసి, ఆయన ఉన్నారా అని అడిగేది. జవాబు అదే విని అదే రాసుకునేది. దానికి పుస్తకాల తెలుగు నేర్పారు. లేదు అంటే తెలుసు, నేదు అంటే తెలియదు. మా ఉత్తరపు కొండల వాళ్ల మాట దాని బుర్రకు ఎక్కేది కాదు. ఎక్కని మాటలను ముక్కలుగా కోసి మనుషుల చెవులకు పంపేది. ఆ చెవులం మేము.

నన్ను ఆ పనిలోకి తీసుకున్నదే నాది ఆ కొండల మాట కాబట్టి. పుట్టి పెరిగిన మాట. ఆఫీసులో ఎవరి ముందూ పలకకుండా నాలుక చివర దాచుకుని, అందరిలాగా పుస్తకంలా మాట్లాడే మాట. సుభాషిణి అని పేరు పెట్టుకున్నందుకు అలా మాట్లాడాలి కాబోలని నన్ను నేను సమర్థించుకునేదాన్ని.

బల్ల మీద రెండు మీటలు ఉండేవి. ఉన్నారు, లేరు. మా ఇళ్లలో ముక్కూ ముఖం తెలియని వాళ్లు ఫోన్ చేస్తే మొగుడు చచ్చిపోయాడని ఏ ఆడదీ చెప్పదు. "ఆయన నేరండి" అంటుంది. మొగుడు ఊళ్లోకి వెళ్లినా "ఆయన నేరండి" అనే అంటుంది. మాట ఒకటే. తేడా తర్వాతి మాటలో ఉంటుంది. అందుకే చివరిదాకా వినాలి. ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, మా అమ్మ అలాగే మాట్లాడేది.

పూటకు తొమ్మిది వందల ముక్కలు వినాలని లెక్క. చివరిదాకా వింటే ఐదు వందలు కూడా కావు. అందరం మూడో సెకనుకే మీట నొక్కేవాళ్లం. దానికి మాలో మేము "మూడో సెకను" అని పేరు కూడా పెట్టుకున్నాం. ఇవాళ మూడో సెకను వేసుకుని తొందరగా ఇంటికి పోదాం అనేవాళ్లం. నా చెయ్యి అందరికంటే చురుకు. ఆ ఏడాది నాకు శాలువా కప్పారు.

ఇవాళ ఆ ముక్క తీసి విన్నాను. పంతొమ్మిది సెకన్లు ఉంది. "ఆయన నేరండి" అనేది మూడో సెకనుకు అయిపోతుంది. అక్కడ నా మీట గుర్తు ఉంది. మిగిలిన పదహారు సెకన్లు పదకొండేళ్ల తర్వాత వినడం ఇదే. ఆయన ఎక్కడికి వెళ్లారో, ఎప్పుడు వస్తారో స్పష్టంగా ఉంది. చెవిటివాళ్లకు కూడా అర్థమయ్యేంత స్పష్టంగా.

ఫైలు 1147 తెరిచినప్పుడే నంబరు చూశాను. చూసి, సెక్షన్ తొమ్మిది అని రాశాను. అంటే ఒకసారి తొందరలో ఆయన కళ్లు తీసేశాను, రెండోసారి తెలిసే తీసేశాను. మొదటిదానికి సిగ్గు ఒక రకం. రెండోది రాస్తుంటే ముఖం వేడెక్కి, గోకిన ఉప్పు కళ్లలో పడ్డట్టుగా ఉంది.

సిఫారసు వెనక్కి తీసుకుంటున్నాను. దోషం కార్యాలయానిది. శ్రోత 318 అనగా సుభాషిణి.

దినం 14

వేదాచలం గారు తలుపు వేసి, కూర్చోమన్నారు.

"రాసేశావా?"

"రాసేశానండీ."

"పట్టిక పోయింది కదమ్మా. నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తోంది కదండీ."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడిచేందుకు అద్దాల మీద ఏమీ లేదు.

"నువ్వు ఒక్కదానివి కడిగేసుకుని బయటపడతావు. మిగతా వాళ్లంతా ఏం కావాలి? సంఘం వాళ్లు ఊరుకుంటారా? సెక్షన్ తొమ్మిది కింద మనం కొట్టేసిన ఫైళ్లన్నీ తిరగతోడతారు. ప్రతి ముక్కా వింటారు. నాకు మూడు నెలల్లో రిటైర్మెంటు."

"మీదాకా ఎందుకొస్తుందండీ?"

"నాది 290" అన్నారు.

ఆయన కూడా శ్రోతగా పని చేశారని ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఆయనదీ ఆ కొండల మాటేనన్నమాట. ఇద్దరం ఇరవై ఏళ్లు పుస్తకంలా మాట్లాడుకున్నాం, గోంగూర పచ్చడి పంచుకున్నాం.

"ఫైలు మీద మీ సంతకం కావాలండీ" అన్నాను.

"పెడతాను. పెట్టననలేదు కదా" అన్నారు. పెట్టారు. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వేరే గదిలోకి వెళ్లి తిన్నారు.

దినం 22

ఆఫీసులో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. పడవ బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటోంది. మొదట్లో కోపం వచ్చింది, వీళ్లకేం హక్కని. తర్వాత ఆలోచిస్తే, దినం 9న నేను ఉన్నది కూడా వీళ్ల వైపే.

పరిహార సంఘం నుంచి ఒక ప్రశ్న వచ్చింది: శ్రోత 318 ధ్రువపరిచిన మరణాలు మొత్తం ఎన్ని? వెతుకుతున్నాను.

దినం 31

సంఘం ముందు హాజరయ్యాను. ముగ్గురు సభ్యులు. ముక్క మొత్తం వినిపించారు. మూడో సెకను దగ్గర ఆపి, "ఇక్కడేనా?" అని అడిగారు. ఇక్కడే అన్నాను.

"మిగతా వినే వీలు ఉండేదా?"

"ఉండేదండీ."

"ఎందుకు వినలేదు?"

పని ఒత్తిడి అని చెప్పొచ్చు. అబద్ధం కాదు. కానీ ఆ రోజు ఏమనుకున్నానో నాకు గుర్తుంది. నా పక్క బల్ల ఆవిడ అప్పటికి ఎనిమిది వందల డెబ్భై చేసింది, నేను ఎనిమిది వందల అరవై రెండులో ఉన్నాను. అదే చెప్పాను. సభ్యుల్లో పెద్దాయన అదే రాసుకున్నారు.

దినం 47

ఫైలు 1147 మంజూరయింది. వైద్యులు పరీక్ష చేశారు. పదకొండేళ్లు వాడకపోవడం వల్ల ఎడమ వైపు నరం పనికిరాదట. కుడి కంటికి చూపు వస్తుంది. వచ్చే నెల పదో తేదీన కొత్త బిళ్ల పెడతారు.

సగమే తిరిగి ఇస్తున్నాం. మిగతా సగం ఇవ్వడానికి ఎవరి దగ్గరా లేదు.

దినం 52

గుమ్మం ఎక్కాను.

తీగ బండిలో కొండ మీదికి గంటన్నర ప్రయాణం. చెప్పాల్సింది కార్యాలయం వాళ్లే కాగితం మీద రాసి ఇచ్చారు. "శ్రోత 318 అను నేను" అని మొదలవుతుంది. దారంతా చదువుకుంటూనే ఉన్నాను, పరీక్షకు వెళ్లే పిల్లలా. తెలిసిన చెట్లు, తెలిసిన మాట. బండిలో పక్కావిడ "ఎక్కడికెల్తన్నావమ్మా" అంటే పుస్తకంలా జవాబు చెప్పాను. చెప్పాక నామీద నాకే చిరాకేసింది.

రెండు గదుల ఇల్లు. గుమ్మంలో ఒక సన్నటి మనిషి బియ్యం చెరుగుతోంది. తవిటినాయుడు గారి ఆవిడ పైడమ్మ గారేనా అని అడిగాను. తల ఊపింది. కార్యాలయం నుంచి వచ్చానన్నాను. చేట పక్కన పెట్టి, పీట జరిపి, లోపలి వైపు తిరిగి రెండు చప్పట్లు కొట్టింది.

తవిటినాయుడు గారు గోడ పట్టుకుంటూ వచ్చారు. "ఎవులమ్మా వొచ్చినారు? మా ఆడది రెండు సప్పట్లు కొడితే సుట్టాలు. ఒకటి కొడితే అన్నం." నవ్వారు.

"ఆవిడకు మాట రాదాండీ?" అని అడిగేశాను. అడగాల్సింది కాదు. కానీ ఆ గొంతు నేను విన్నాను కదా.

ఆయన నవ్వు ఆగిపోయింది. "రాకేటమ్మా. మానీసినాది. ఆఫీసోలు కిటికీ కాడ సెప్పినారు గదా, మీ ఇంటోలే నేరన్నారు, మమ్మల్నేటి సెయ్యమంటారని. ఇంటికొచ్చి అనీసినాను. నీ నోటితో నన్ను సంపీసినావే, ఇంకా నోరు తెరవకు అని. కోపంలో అన్నాను. ఆ రోజు నుంచీ మూసీసినాది. ఎంత బతిమాలినా పలకదు."

పైడమ్మ మళ్లీ చేట అందుకుంది. కళ్లు లేని మనిషి ఇంట్లో పదకొండేళ్లుగా చప్పట్లు.

కాగితం తీశాను. "శ్రోత 318 అను నేను" అని చదివాను. రెండో వాక్యం చదివాను. ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ లేదు. ఏదో సర్కారు గొడవ అన్నట్టు వింటున్నారు. మూడో వాక్యం నా నోటికి రాలేదు. కాగితం మడిచేశాను.

"నానేనండి" అన్నాను. ఇరవై ఏళ్ల తర్వాత ఆ మాట బయటికి వచ్చింది. "ఆ రోజు ఈయమ్మ సెప్పింది నానే ఇన్నాను. అంతా ఇన్లేదు. మూడు సెకన్లు ఇని మీట నొక్కీసినాను. ఈయమ్మ తప్పేటీ నేదు. ఈయమ్మ సరిగ్గానే సెప్పినాది. మిమ్మల్ని సంపింది నాను."

పైడమ్మ చేతిలో చేట ఆగింది.

సెక్షన్ పద్నాలుగు ప్రకారం సాక్ష్యం వినిపించాలి. చేతి యంత్రం పీట మీద పెట్టి మీట నొక్కాను. ఈసారి ఆపలేదు.

"ఆయన నేరండి. సేపల రేవుకాడికి ఎల్లినారు. బేగొచ్చేత్తారు, సందలకి ఇంటికాడుంటారు. ఎవులండి మీరు? ఓపాలి వొచ్చి కూకోండి, ఇయ్యాల పులుసెడతన్నాను. మాయనకి నాను పులుసెడితే కాలు ఇంట్లో నిలవదు, సేపలకి పరిగెట్టుకెల్తారు. అలో? అలో, ఉన్నారేటండి?"

లైను కట్టయిన చప్పుడు.

నాయుడు గారు గోడ వదిలి యంత్రం వైపు వంగారు. తర్వాత, "ఇంకోపాలి ఎయ్యమ్మా" అన్నారు. వేశాను. మళ్లీ అడిగారు. మూడోసారి వేస్తున్నప్పుడు ఆయన చెయ్యి గాల్లో తడుముకుంటూ పైడమ్మ వైపు వెళ్లింది. ఆమె అందుకోలేదు. యంత్రం వంకే చూస్తోంది.

పెదవులు కదిలాయి. ముందు గాలి వచ్చింది, తర్వాత దగ్గు వచ్చింది. ఆ తర్వాత గొంతు వచ్చింది. యంత్రంలోని గొంతుకూ దానికీ పోలిక లేదు.

"అది నానేనేటి?" అంది. "ఇన్నేసి మాటలాడేదాన్నేటి నాను?"

"ఆడేదానివే" అన్నారు నాయుడు గారు. "ఆపమన్నా ఆపీదానివి కాదు." ఇంకేదో అనబోయి గోడ వైపు తిరిగిపోయారు. ఏమీ కనపడని మనిషి, ఆమెకు ముఖం చూపించలేక గోడకు తిరిగి నిలబడ్డారు.

క్షమించమని అడగాలని వెళ్లాను. అడగలేదు. నేను అక్కడ ఉన్నట్టు ఇద్దరికీ గుర్తు లేదు, గుర్తు చేసే ముఖం నాకు లేదు. యంత్రం పీట మీదే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దిగాను.

సగం కొండ దిగాక గుర్తొచ్చింది, హాజరు పత్రం మీద సంతకం తీసుకోలేదని. సంతకం లేకపోతే గుమ్మం ఎక్కినట్టు కాదు. దినం 60 లోపు మళ్లీ వెళ్లాలి. ఈసారి పైడమ్మ నన్ను తిట్టొచ్చు. తిడితే బాగుండుననే ఉంది నాకు.